ఈసారి బెజవాడ వెళ్ళింది హాళ్ళ కోసమే

గురువారం

బెజవాడ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొండెక్కి దుర్గమ్మని చూసి, దిగి, ప్రకాశం బ్యారేజీ మీద ఫొటోలు తీసుకుని రాత్రి బండికి వెళ్ళిపోతారు. నేను మాత్రం సినిమాలు చూడటానికే వచ్చాను. సినిమాలంటే సినిమాలే కాదు, హాళ్ళు చూడాలి, ఒక్కో హాల్లో ఒక్కో రకం జనం మధ్య కూర్చోవాలి అని ఎన్నాళ్ళనుంచో ఉంది. విశాఖలో ఆఫీసులో చెబితే, ఆ మాత్రానికి బెజవాడ దాకా ఎందుకు, ఫోన్లో వచ్చేస్తుందిగా అన్నారు. ఫోన్లో కథ తెలుస్తుంది, అంతే. పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి మనతోపాటే ఊపిరి బిగబట్టడం ఫోన్లో రాదు.

పిన్ని వాళ్ళ ఇల్లు సత్యనారాయణపురంలో. బాబాయి రైల్వేలో చేసి రిటైరయ్యారు. తెల్లారి స్టేషన్లో దిగి, సంచి భుజాన వేసుకుని నేరుగా గాంధీనగర్ నడిచాను. బాబాయ్ హోటల్లో వెన్న ముద్ద వేసిన ఇడ్లీ తిని వీధులన్నీ తిరిగాను. వినాయక చవితి పందిళ్ళు అప్పుడే వెలిశాయి. వాటి మధ్యలో రేపు విడుదలయ్యే సినిమా ఫ్లెక్సీలు, హీరో కటౌట్‌కి దండ వెయ్యడానికి వెదురు బొంగుల మీద ఎక్కిన కుర్రాళ్ళు.

ఈ గాంధీనగర్ గురించి మామూలు ప్రేక్షకులకి పెద్దగా తెలియదు గానీ, తెలుగు సినిమాలు మద్రాసులో తీస్తున్న రోజుల్లో కూడా డబ్బు లెక్కలు చాలావరకు ఇక్కడి ఆఫీసుల్లోనే తేలేవి. నవయుగ లాంటి పంపిణీ సంస్థలు ఈ ఊళ్ళోవే. ఏ ఊళ్ళో ఏ హాలుకి వెయ్యాలి, ఎన్ని వారాలు ఆడించాలి అన్నది వాళ్ళు చూసేవాళ్ళు. నిర్మాతకి ముందుగా డబ్బు ఇచ్చి సినిమా పూర్తయ్యేలా చేసింది కూడా చాలాసార్లు వాళ్ళే. ఇప్పటికీ నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) పోగా మిగిలిన ఆంధ్రాని ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడగొట్టే హక్కులు అమ్ముతారు. 2022లో రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, అయినా కలెక్షన్ల లెక్క రాసేటప్పుడు సినిమావాళ్ళ మ్యాపు పాతదే.

ఆంధ్రలో మొదటి సినిమా హాలుగా చెప్పుకునే మారుతీ టాకీస్ వచ్చింది కూడా ఈ ఊళ్ళోనే, 1921లో. పోతిన శ్రీనివాసరావు గారు కట్టించారు. తెలుగు టాకీ వచ్చింది 1932లో కదా, అంటే అప్పటిదాకా ఇక్కడి జనం చూసినవి చాలావరకు మూకీలే. ఆ రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి, తెర మీద అక్షరాలు చదివి, కథ చెప్పుకుంటూ పోయేవాడట. చదువురాని వాళ్ళకి ఆయన గొంతే సినిమా. ఆ గొంతులు ఎలా ఉండేవో వినాలని నాకు ఎంత ఆశో! ఎక్కడా రికార్డు చేసి ఉంచలేదు.

సాయంత్రం పిన్నిని తీసుకుని ఒక పాత హాల్లో ఫస్ట్ షోకి వెళ్ళాను. సినిమా అప్పటికే వారాలు తిరిగింది, బాల్కనీలో మేము, ఇంకో ముసలి జంట, కింద అక్కడక్కడా కొందరు. ఏసీ లేదు, గోడకి వరసగా ఫ్యాన్లు. వాటి చప్పుడు మొదట చిరాకనిపించింది గానీ, కాసేపటికి చెవి దాన్ని పక్కన పెట్టేసింది. ఇంటర్వెల్లో ఉల్లి సమోసా కాగితంలో కట్టి ఇచ్చాడు, వేడి వేడిగా. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్‌కి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ సినిమా చూసి సమోసాలు తిని రావచ్చు.

ఆట అయ్యాక టికెట్లు చించే ఆయన్ని, ఆపరేటర్ గది చూడొచ్చా అండీ అని అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. ఊరికే, ఇష్టం కొద్దీ అన్నాను. ఆపరేటర్ పెద్దాయన, ముప్ఫై ఏళ్ళ పైనుంచి ఇదే పని. గదిలో ఒక పక్క కొత్త డిజిటల్ ప్రొజెక్టర్, ఇంకో పక్క గుడ్డ కప్పిన పాత 35 ఎం.ఎం. మెషిన్. గుడ్డ తీసి చూపించాడు, దుమ్ము లేదు, నూనె రాసి ఉంది. "వారానికోసారి తుడుస్తానమ్మా, ఎవరూ చెయ్యమని చెప్పలేదు" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు సినిమా కంటే బాగుంది. పాత రోజుల్లో దీపం అంటే రెండు కార్బన్ పుల్లలు. వాటి కొసల మధ్య మంట లేస్తే ఆ వెలుగులో బొమ్మ పడేది. పుల్లలు కాలి అరిగిపోతూ ఉంటాయి కాబట్టి ఎడం సరిచేస్తూనే ఉండాలి, ఏమరుపాటున వదిలేస్తే తెర పచ్చబడి కింద జనం ఈలలు, కేకలు. తర్వాత జెనాన్ ల్యాంపులు వచ్చాయి. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది, 2000 అడుగుల రీలు ఇరవై నిమిషాల పైచిలుకు. అందుకే రెండు మెషిన్లు. తెర మీద కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. కొన్ని సెకన్లకి ఇంకో చుక్క, అప్పుడు దీని వెలుగు మూసి దాని వెలుగు వదలాలి. చిన్నప్పుడు ఆ చుక్కలు చూసి ఫిల్మ్ పాడైంది అనుకునేదాన్ని! ఒక్కోసారి రెండు హాళ్ళకి కలిపి ఒకే ప్రింటు ఉండేదట. ఇక్కడ ఒక రీలు అవగానే కుర్రాడు దాన్ని బండి మీద వేసుకుని ఆ హాలుకి పరుగు, మధ్యలో రైల్వే గేటు పడితే అక్కడ జనం చీకట్లో కూర్చోవాల్సిందే. ఇప్పుడు రీళ్ళ పెట్టెలు లేవు, సినిమా ఫైలుగా వస్తుంది, దానికో తాళం విడిగా వస్తుంది. ఏ హాల్లో, ఏ మెషిన్‌లో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆడాలో ఆ తాళంలోనే ఉంటుంది. తాళం రాకపోతే సినిమా మన దగ్గరే ఉన్నా తెరవలేం. "రేపు తెల్లవారుజామున ఆట ఉందమ్మా, తాళం వచ్చేదాకా ఇవాళ నాకు నిద్ర లేదు, టెన్షన్" అన్నాడు.

కిందకి దిగాక తెర దగ్గరికి కూడా తీసుకెళ్ళాడు. చెయ్యి పెట్టి చూస్తే తెరంతా సన్నటి చిల్లులు. స్పీకర్లు తెర వెనక ఉంటాయి, మాట హీరో నోట్లోంచి వచ్చినట్టే వినపడాలంటే ఆ చిల్లుల్లోంచి రావాలి. ఇన్నేళ్ళ నుంచీ సినిమాలు చూస్తున్నా నాకిది తెలియదు.

శుక్రవారం

తెల్లవారుజాము ఆట. టికెట్ సంపాదించింది పిన్ని వాళ్ళ ఎదురింటి అబ్బాయి, ఆ హీరోకి వీరాభిమాని. "అక్కా, ముందే చెప్తున్నా, డైలాగులేమీ వినపడవు" అన్నాడు. పిన్ని రానంది. నాలుగింటికే హాలు ముందు తీన్‌మార్ డప్పులు, కటౌట్‌కి పాలాభిషేకం, గుమ్మడికాయ కొట్టడం. రోడ్డు మీద పోలీసులు, టీ బండ్లు. ఆడవాళ్ళం పట్టుమని పదిమందిమి లేం. ఉన్నవాళ్ళని మాత్రం కుర్రాళ్ళే దారి ఇప్పించి లోపలికి పంపారు, "అక్కలకి దారివ్వండ్రా" అంటూ.

హీరో పేరు తెర మీద పడేసరికి కాగితాలు! ముందే చింపి సంచుల్లో తెచ్చుకున్నారు. ప్రొజెక్టర్ వెలుగు ఆ కాగితాల మీద పడి గాల్లోనే బొమ్మలు ముక్కలు ముక్కలుగా కనిపించాయి. హీరో మొహం ఒక కాగితం మీద అర సెకను, వెనక తెర మీద మిగతాది. నేను ఇంతవరకు చూసిన అందమైన దృశ్యాల్లో అదొకటి, దాన్ని ఏ దర్శకుడూ తియ్యలేదు. సీట్ల మీద నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను, లేకపోతే ఏమీ కనపడదు. మొదటి పాటకి తెర ముందు చోటంతా డాన్సులే.

కథ నాకు సగమే అర్థమైంది. హీరో తండ్రి ఎందుకు చనిపోయాడో, విలన్‌కి ఆ భూమి ఎందుకు కావాలో ఒక్క ముక్క వినపడలేదు. కానీ ఇంటర్వెల్ ముందు హీరో వెనక్కి తిరిగి నడిచొచ్చే షాట్‌కి హాలు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, రెండు క్షణాలు, తర్వాత పైకప్పు లేచిపోయేలా అరుపు. అంతమందికి ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పారు? ఎదురింటి అబ్బాయి కళ్ళు తుడుచుకుంటున్నాడు. పాలిటెక్నిక్ చదివి షోరూమ్‌లో పనిచేస్తాడు, ఇవాళ సెలవు పెట్టి వచ్చాడు. ఈ అభిమానాన్ని చులకన చేసి మాట్లాడేవాళ్ళని చాలామందిని చూశాను. ఒక్కసారి వాళ్ళ మధ్య కూర్చుని చూడమనండి.

ఒక్కటి మాత్రం నచ్చలేదు, తెర ముందు టపాసులు కాల్చడం. సీట్లు రెక్సిన్‌వి, నేలంతా కాగితాలు, తలుపుల దగ్గర జనం. నాకు భయం వేసింది, పక్కవాళ్ళకి చెబితే వాళ్ళూ ఆ కుర్రాళ్ళని ఆపారు.

ఇంటికి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. సాయంత్రం బీసెంట్ రోడ్డులో పిన్నికి చీర కొని, పుణుగులు తిని పడుకున్నాం.

శనివారం

గుంటూరు. పాసింజర్ బండిలో వెళ్దామని బాబాయి పట్టుబట్టారు, రైల్వే మనిషి కదా. కృష్ణ వంతెన దాటాక ఆ వైపు, ఈ వైపు చూపిస్తూ అంతా సినిమా చరిత్రే. సావిత్రి పుట్టిన చిర్రావూరు ఈ పక్కనే. ఆమె పెరిగింది, నాట్యం నేర్చుకుంది బెజవాడలో. మంగళగిరి రాగానే, ఎన్టీ రామారావు గారు ఈ గుంటూరు జిల్లాలోనే సబ్ రిజిస్ట్రార్‌గా కొద్ది రోజులు చేసి వదిలేసి మద్రాసు బండెక్కారు, 1947లో, అన్నారు. ఆయన డిగ్రీ చదివిన ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ గుంటూరులోనే. జగ్గయ్య, ముక్కామల లాంటి వాళ్ళతో కలిసి నాటకాలు వేసింది ఆ రోజుల్లోనే. అటు తెనాలి వైపు వెళ్తే కాంచనమాల, గోవిందరాజుల సుబ్బారావు, చక్రపాణి, శారద, పక్కన బుర్రిపాలెంలో కృష్ణ. ఇంత చిన్న చుట్టుకొలతలో ఇంతమంది సినిమా వాళ్ళా అనిపిస్తుంది. నాటకాలు అంత బలంగా ఆడిన నేల కాబట్టే అని బాబాయి నమ్మకం, నాకూ అదే నిజమనిపిస్తుంది.

గుంటూరులో శంకర్ విలాస్ దగ్గర దిగి భోంచేసి, మ్యాట్నీకి వెళ్ళాం. రీ రిలీజ్. ఇరవై ఏళ్ళ నాటి మాస్ సినిమా, కొత్తగా శుభ్రం చేసి 4కె అని వేశారు. ఈ రీ రిలీజుల ఊపు 2022 ఆగస్టు 9న మహేష్ బాబు పుట్టినరోజుకి పోకిరి మళ్ళీ వేసినప్పటి నుంచి బాగా పెరిగింది. పాత సినిమా చూడ్డానికి డబ్బులిచ్చి ఎవరొస్తారు అనుకున్నవాళ్ళకి హౌస్‌ఫుల్ బోర్డులే జవాబు.

ఇక్కడ జనం వేరు. నిన్నటి వాళ్ళు ఏం వస్తుందో తెలియక అరిచారు, వీళ్ళు ఏం వస్తుందో అక్షరం అక్షరం తెలిసి అరిచారు. తెర మీద హీరో నోరు తెరిచేలోపే హాలు డైలాగు చెప్పేస్తోంది. కామెడీ సీన్లో బ్రహ్మానందం తలుపు తీసుకుని రాకముందే నవ్వులు మొదలు. పక్కన కూర్చున్నాయన ఎనిమిదేళ్ళ కొడుకుని తెచ్చాడు, ఈ సినిమా మొదట వచ్చినప్పుడు తను ఇంటర్ చదువుతూ కాలేజీ ఎగ్గొట్టి చూశాడట. కొడుక్కి కథ చెప్పడం లేదు, ఎక్కడ ఏం అరవాలో చెప్తున్నాడు. "ఇప్పుడు చూడు నాన్నా, ఇప్పుడు, ఆఁ!" అని. మూకీల కాలంలో తెర పక్కన నిలబడిన ఆ మనిషి మళ్ళీ ఇలా వచ్చి సీట్లో కూర్చున్నాడా అనిపించింది.

బాబాయికి తలనొప్పి వచ్చింది, ఇంటర్వెల్‌కే బయటికి వెళ్ళి నాజ్ సెంటర్ దాకా నడిచి టీ తాగి వచ్చారు. సినిమా మాత్రం కాలం గడిచిన కొద్దీ కొన్నిచోట్ల మసకబారింది. హీరోయిన్ వెంటపడే సీన్లు అప్పట్లో నవ్వాం, ఇప్పుడు నాకు నవ్వు రాలేదు, వెనక వరసలో కాలేజీ అమ్మాయిలూ ఆ సీన్లకి అరవడం ఆపేసి ఫోన్లు తీశారు. రీ రిలీజ్ వల్ల ఇదొక మంచి, మనం ఎంత మారామో తెలుస్తుంది.

రాత్రికి బస్సులో వెనక్కి.

ఆదివారం

శుక్రవారం చూసిన సినిమాయే మళ్ళీ చూశాను, కావాలనే. ఈసారి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రెండ్‌సెట్ మాల్‌లో, మధ్యాహ్నం ఆట. పిన్నీ వచ్చింది. వెనక్కి వాలే సీట్లు, చల్లటి ఏసీ, అడుగుల చప్పుడు కూడా పీల్చేసుకునే తివాచీ. ఇక్కడ ప్రతి మాటా వినపడింది. తండ్రి ఎందుకు చనిపోయాడో తెలిసింది, భూమి గొడవ అర్థమైంది. వానలో ఫైటు సీనుకి చినుకులు వెనకనుంచి, పక్కనుంచి పడుతున్నట్టు చప్పుడు, పిన్ని నిజంగానే ఒకసారి పైకి చూసింది. సౌండ్ చేసినవాళ్ళ కష్టం ఇలాంటి చోటే బయటపడుతుంది. హాల్లో అరుపుల మధ్య అదంతా వృథా అయిపోయింది పాపం.

కానీ ఆ ఇంటర్వెల్ షాట్ వచ్చింది, హీరో వెనక్కి తిరిగి నడిచొచ్చేది. ఎవరో ఒకరు చిన్నగా ఈల వేశారు, అంతే. అదే షాట్, అదే నడక. శుక్రవారం నా ఒళ్ళు జలదరించింది, ఇవాళ చూస్తే నడక కాస్త నెమ్మదిగా ఉందే, కట్ చేయాల్సింది అనిపించింది. అప్పుడర్థమైంది, ఆ షాట్‌ని అరుపు కోసం ఖాళీ వదిలి తీశారు. జనం అరవకపోతే ఆ ఖాళీ ఖాళీగానే మిగిలిపోతుంది. సినిమా బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే, ఎక్కడ చూస్తున్నారు అని నేను తిరిగి అడుగుతాను ఇకనుంచి. మా వాళ్ళకైతే చెప్తాను, మాస్ సినిమా మొదటి రెండు రోజుల్లో గాంధీనగర్ హాళ్ళలో చూడండి, మాటలు, సంగీతం ముఖ్యమైన సినిమా అయితే మల్టీప్లెక్స్‌కి వెళ్ళండి. డబ్బుల గురించి అయితే చెప్పనే అక్కర్లేదు, నలుగురు ఉన్న ఇంటికి మల్టీప్లెక్స్ నెలకి ఒక్కసారి కూడా భారమే.

రాత్రి మాత్రం నేను అనుకోనిది. అజిత్‌సింగ్ నగర్‌లో పిన్ని వాళ్ళ ఆడపడుచు ఉంటుంది, వాళ్ళ వీధి చవితి పందిరి దగ్గర సినిమా వేస్తున్నారని కబురు చేసింది. ఇదివరకు పండగలకి 16 ఎం.ఎం. మెషిన్ అద్దెకి తెచ్చి వేసేవాళ్ళు, ఇప్పుడు ల్యాప్‌టాప్, ఆఫీసుల్లో వాడే చిన్న ప్రొజెక్టర్, మైకుసెట్టు బాక్సులు. రెండు కరెంటు స్తంభాల మధ్య తెల్ల గుడ్డ కట్టారు. సినిమా పాత నలుపు తెలుపు పౌరాణికం. కుర్చీలన్నీ నిండిపోయాయి, చోటు లేక మేం తెర వెనక్కి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాం, అక్కడ అప్పటికే పిల్లలు బారులు తీరి ఉన్నారు.

వెనకనుంచి చూడటం మీలో ఎంతమందికి తెలుసో. పల్చటి గుడ్డ కాబట్టి బొమ్మ ఇటు కూడా స్పష్టంగా పడుతుంది, కాకపోతే అంతా అటుదిటు. టైటిల్స్ అక్షరాలు తిరగబడి ఉంటే పిల్లలు పోటీ పడి చదివారు. భీముడి గద ఎడమ చేతిలో, అర్జునుడు ఎడమచేత్తో బాణం లాగుతున్నాడు. "సవ్యసాచి కదే, ఏ చేత్తో అయినా లాగుతాడు" అంది పిన్ని, పిల్లలంతా దానికి ఒప్పుకున్నారు. గాలి వీచినప్పుడల్లా గుడ్డ ఉబ్బి రాక్షసుల పొట్టలు ఇంకా పెద్దవయ్యాయి. చిల్లుల తెర కాదు, గొంతు ఎదురుగా కాక పక్క వీధిలోంచి వస్తోంది, అయినా పద్యం మొదలయ్యేసరికి పెద్దవాళ్ళు కలిసి పాడారు. ఒక తాతగారు రాగం తీస్తే సినిమా ముందుకెళ్ళిపోయినా ఆయన ఆపలేదు, ఎవరూ ఆపమనలేదు. మధ్యలో పులిహోర, గుగ్గిళ్ళు పంచారు. సగంలో చినుకులు మొదలైతే ల్యాప్‌టాప్ మీద గొడుగు పట్టి ఆట నడిపించారు, ఎవ్వరూ లేవలేదు.

ఇన్ని రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. టికెట్ లేదు, తాళం లేదు, ఏసీ లేదు, వీధంతా ఒకటే హాలు.

సోమవారం

రాత్రి బండికి టికెట్ ఉంది. మధ్యాహ్నం పిన్ని, వాళ్ళ వీధి ఆడవాళ్ళతో మ్యాట్నీ. ఫ్యామిలీ సినిమా. వీళ్ళు ఈలలు వెయ్యరు గానీ నోరు మాత్రం ఊరుకోదు. హీరోయిన్ అత్తగారింట్లో తలొంచుకుంటే "నోరు లేదా నీకు, చెప్పవే" అని ఒకావిడ గట్టిగానే అంది. ఆడపడుచు పాత్ర కట్టుకున్న చీర ఎక్కడ దొరుకుతుందో ఒక చర్చ, హారం బంగారమా గిల్టా అని ఇంకో చర్చ. చివర్లో తల్లి ఉత్తరం చదివే సీనుకి వరసంతా కొంగులు కళ్ళకి వెళ్ళాయి, నాదీ వెళ్ళింది. లైట్లు వేశాక ఎవరూ సిగ్గుపడలేదు, ముక్కులు చీదుకుని, ఆ అత్తగారు చేసింది తప్పా ఒప్పా అని హాలు మెట్ల మీదే నిలబడి వాదించుకున్నారు. పిన్ని అత్తగారి పక్షం.

ఆటో కోసం చూస్తుంటే పిన్ని టైము చూసుకుని, బండి పదింటికి కదా, ఎదురుగా హాల్లో ఫస్ట్ షో ఇప్పుడే మొదలవుతుంది, సంచి బాబాయిని స్టేషన్‌కి తెమ్మందాం అంది. ఫోన్ చేశాం. బాబాయి కాసేపు కేకలేశారు, తెస్తానన్నారు. వెళ్ళి రెండు బాల్కనీ టికెట్లు తీసుకున్నాం.